రాజు వచ్చేదాకా

అబ్బయ్య గడ్డపార పైకెత్తి, దించకుండా ఆగిపోయాడు.

"ఈ రాయి నిన్న లేదు గదా అల్లుడా?"

సంజీవరావు వంగి చూశాడు. గుంట తవ్వాల్సిన చోట, తుమ్మచెట్టు మొదట్లో, కొత్తగా చెక్కిన హద్దురాయి పాతి ఉంది. దాని నెత్తిన పూసిన ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. అబ్బయ్య ముట్టుకుంటే వేలికంటింది. అటు చివర ఇంకో రాయి. రెండింటికీ మధ్య, సమాధుల మీదుగా, సున్నంతో గీసిన తెల్లటి గీత. గీత పొడుగునా చూస్తే ఎదురుగా సబ్బుల ఫ్యాక్టరీ గోడ.

"గోడౌనుకు రోడ్డేస్తరట మామా. సర్కారు భూమి తీసుకొని ఇస్తదట. బస్సుల అనుకుంటుంటే విన్న, నమ్మలే."

"మన సమాధుల తోట మీదికెల్లా?"

"మీదికెల్లే."

అబ్బయ్య ఒక్కక్షణం ఆలోచించి పకపకా నవ్వాడు. "లేవాల్సినోళ్ళ మీద రోడ్డేస్తరా! కడబూర ఊదిన్నాడు సచ్చినోళ్ళంత లేస్తుంటే లారీలన్నీ బోర్ల పడ్తయ్ సూడు!"

సంజీవరావుకు నవ్వు రాలేదు. ఆ గీత సరిగ్గా తన తండ్రి సమాధి మీదుగా పోతోంది.

యోహాను తాత శవం నాచారం పేటలో ఇంటి ముందు ఎదురుచూస్తోంది. అబ్బయ్య రాయికి దూరంగా జరిగి, గడ్డపారను నేలమీద పడుకోబెట్టి, ఎండపొద్దును చూసి సరిచేశాడు. తల పడమటికి, కాళ్ళు తూర్పుకు. ఈ తోటలో ప్రతి గుంటా అలాగే ఉంటుంది. "లేచి కూసోంగనే ఎదురుంగ ప్రభువు కనవడాలె. ముసలోడు, మెడ దిప్పుకునే పని వెట్టొద్దు" అని గొణుక్కుంటూ అరచేతుల్లో ఉమ్మేసుకుని మొదటి పోటు వేశాడు. పైన మొరం. అది చిట్లితే కింద ఎర్రమట్టి. మట్టిని ఒకే పక్కన, జారకుండా, పారతో తట్టి తట్టి కుప్ప చేస్తాడు. అబ్బయ్య సంఘపెద్ద. సంజీవరావు తల్లి పాపమ్మకు తమ్ముడు. గుంటలు తవ్వడం ఆయనకెవరూ అప్పజెప్పలేదు, ఆయన ఎవరికీ అప్పజెప్పడు.

ఆ అరెకరానికి పట్టా లేదు. నిజాం కాలంలో ఎవరో దొర నోటిమాటగా వదిలిన నేల.

*

ఉప్పల్ పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించి ఉంది. సోమవారం డిప్యూటీ కలెక్టరు క్యాంపు. ఆక్షేపణలుంటే వచ్చి చెప్పుకోవచ్చు. సంజీవరావు దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడే అతని మనసు లెక్క వేసేసింది. చెప్పుకోవాలి. కాని తను చెప్పకూడదు.

అతను గవర్నమెంటు కాలేజీలో పొలిటికల్ సైన్స్ లెక్చరరు. ఇంకా పర్మనెంటు కాలేదు. సర్కారు తీసుకునే భూమికి సర్కారు ఉద్యోగి అడ్డం నిలబడ్డాడని ఒక్క ముక్క కాలేజీకి చేరితే చాలు. పేటలో సగంమంది ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తారు, వాళ్ళ భయం వాళ్ళది. కాని అందరి భయాలూ తెలిసిన సంజీవరావు తన భయానికి మాత్రం 'వ్యూహం' అని పేరు పెట్టుకున్నాడు. వెనకనుంచి నడిపిస్తాను, ముందు పెద్దలు మాట్లాడతారు.

ఆదివారం ఆరాధన అయిపోయాక పాస్టరు పీటర్ అయ్యగారు అతన్ని మాట్లాడమన్నారు. "మన సంజీవ పెద్ద పరిశోధన జేస్తున్నడు. ప్రభువు రాకడ గురించి ఇంగ్లండోళ్ళు ఏమనుకున్నరో అంత సదివిండు. ఇనున్రి."

సంజీవరావు లేచాడు. మూడేళ్ళుగా అతని థీసిస్ అదే. లోకాంతం వస్తుందన్న నమ్మకం రాజకీయాన్ని ఎలా మార్చిందన్నది. యూనివర్సిటీలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒక ప్రొఫెసరయితే "పరలోకంలో ఉద్యోగం చూసుకుంటావా?" అన్నాడు. కాని ఇక్కడ, ఈ రేకుల గుడిలో, చాపలమీద కూర్చున్న ప్రతి ముఖమూ అతని వైపే తిరిగి ఉంది.

"మూడొందల ఏండ్ల కింద ఇంగ్లండుల రాజు తల నరికిన్రు" అని మొదలుపెట్టాడు. గుడి గప్‌చుప్‌ అయింది. "అప్పుడు కొంతమంది లేచిన్రు. దొరలు గాదు. చెప్పులు కుట్టెటోళ్ళు, బట్టలు నేసెటోళ్ళు, పీపాలు జేసెటోళ్ళు. బైబిల్ల జెప్పిన నాలుగు రాజ్యాలు వచ్చినయ్, పోయినయ్, ఇగ అయిదోది ఏసుప్రభువు రాజ్యం, ఆయన తప్ప మాకు రాజు లేడు అన్నరు. గప్పుడు ఒక గొప్ప పండితుడు ఏమన్నడో ఎరుకేనా? ఆ రాజ్యం నిజమే, కాని అది లోకాంతంల వస్తది. అప్పటిదాక కత్తి ఎవని చేతుల ఉంటే వాని మాటినున్రి అన్నడు."

"అబ్బ! సర్కారు నౌకరా ఏంది వాడు?" అంది వెనకనుంచి రాహేలు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. రాహేలు మొగుడు తోటలోనే ఉన్నాడు, గీతకు జానెడు ఇవతల.

"అసుమంటోడే అక్కా. మరి ఆ చెప్పులు కుట్టెటోళ్ళను జడ్జి ముందట నిలవెట్టిన్రు. ఈ దేశం ఎవనిది అని అడిగిన్రు. వాళ్ళు భయపడలే. రొమ్ము ఇరిసి చెప్పిన్రు. మా రాజుది! రాబోయే రాజుది! ఆయన తప్ప ఎవనికీ దీనిమీద హక్కు లేదు!"

"స్తోత్రం!" అని అరిచాడు అబ్బయ్య. గుడంతా చప్పట్లు. పీటర్ అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. సంజీవరావు అక్కడ ఆపాడు. ఆపడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఆ సాయంత్రం అబ్బయ్యను తన ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి రేపటి మాటలు నేర్పించాడు. "తాతల కాన్నుంచి మావాళ్ళను ఇక్కడనే పెడుతున్నం అను. ఈ నేల మేమే సూసుకుంటున్నం అను. అంతే."

"గంతేనా? గంత సప్పగా?"

"అంతే మామా."

"సరే గని, నువ్వు లోపలికొస్తవ్ గదా?"

"నేను బయట కిటికీ కాడ ఉంట."

*

కిటికీకి ఊచలున్నాయి, తలుపుల్లేవు. సంజీవరావు వేపచెట్టు నీడలో, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాడిలా పేపరు పట్టుకుని నిలబడ్డాడు. లోపల డిప్యూటీ కలెక్టరు విశ్వనాథం బల్ల వెనక కూర్చున్నాడు. సన్నటి మనిషి. గోదావరి జిల్లాల యాస. పక్కన గుమస్తా. ఎదురుగా అబ్బయ్య, వెనక రాహేలు, ఇంకా పేటవాళ్ళు. అబ్బయ్య పెళ్ళికి కట్టుకునే ధోవతి కట్టుకొచ్చాడు.

"చెప్పండి పెద్దాయనా."

"తాతల కాన్నుంచి మావోళ్ళను ఆన్నే పెడుతున్నం సార్. ఆ నేల మేమే సూసుకుంటున్నం."

బాగుంది. సంజీవరావు పేపరు వెనక ఊపిరి వదిలాడు. గుమస్తా రాసుకుంటున్నాడు.

"మంచిది. అయితే ఆ స్థలం మీదేనంటారా?"

అవునను, అనుకున్నాడు సంజీవరావు. ఒక్క మాట. అవునను మామా.

అబ్బయ్య వెనక్కి తిరిగి తనవాళ్ళను చూశాడు. తరవాత కిటికీ వైపు చూశాడు. ఆ చూపులో వెలుగు సంజీవరావు నిన్న గుళ్ళో చూసిందే.

అబ్బయ్య రొమ్ము విరిచాడు.

"మాది గాదు సార్! మా రాజుది! రాబోయే రాజుది! ఆయన తప్ప ఎవనికీ దానిమీద హక్కు లేదు!"

"స్తోత్రం!" అంది రాహేలు. "ఆమెన్!" అన్నారు మిగతావాళ్ళు.

విశ్వనాథం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంకోసారి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. మీది కాదా?"

"ఇంకెన్నిసార్లడిగినా గదే మాట సార్. మాది గానే గాదు."

"మీ అందరి మాటా ఇదేనా?"

"ఇదే!" గది అదిరింది.

"రాసుకో" అన్నాడు విశ్వనాథం. గుమస్తా కలం గరగర చప్పుడు కిటికీదాకా వినిపించింది. సంజీవరావు చేతిలో పేపరు నలిగి ఉండైంది. లోపలికి దూకి, మామ నోరు మూసి, ఆ వాక్యాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కాళ్ళు వేపచెట్టు కింద నుంచి కదల్లేదు.

వాళ్ళు పాట పాడుకుంటూ బయటికి వచ్చారు. అబ్బయ్య అతని భుజం మీద చరిచాడు. "ఎట్లున్నది అల్లుడా? సారు మొకం సూసినవా, రంగు మారింది!"

*

అందరూ బస్సెక్కి వెళ్ళిపోయాకే సంజీవరావు ఆఫీసు గడప తొక్కాడు. విశ్వనాథం కాగితాలు సర్దుకుంటున్నాడు.

"నమస్కారమండీ. నా పేరు సంజీవరావు. లెక్చరర్ని. ఇది... ఆక్షేపణ కాదు. మామూలుగా మాట్లాడదామని."

"కిటికీ దగ్గర పేపరు తలకిందులుగా పట్టుకున్నది మీరేనా?" అన్నాడు విశ్వనాథం. "కూర్చోండి."

సంజీవరావు కూర్చోలేదు. "వాళ్ళు హక్కు వదులుకోలేదండీ. రాబోయే రాజుదంటే, అప్పటిదాకా మీరు గాని ఫ్యాక్టరీ గాని ఎవరూ ముట్టుకోకూడదని అర్థం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో..."

"తెలుసండీ. వాల్తేరులో నేనూ ఆ సబ్జెక్టే చదివాను. తమ రాజు వచ్చేస్తున్నాడని కత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చినవాళ్ళు కదూ." విశ్వనాథం మొఖంలో వెటకారం లేదు. అదే ఎక్కువ మండించింది. "నాకు మాత్రం వాళ్ళకు జవాబు చెప్పిన పండితుడి మాటే సబబుగా తోచింది మాస్టారూ. రాజు వస్తాడు, సరే. వచ్చేదాకా ఎవరో ఒకరు ఉండాలిగా? ఆ ఎవరో ఒకరే సర్కారు. ఎవరూ మాదనని స్థలం సర్కారుదే అవుతుంది. వచ్చే రాజు తరఫున వకాల్తా పుచ్చుకునేదెవరు చెప్పండి?"

సంజీవరావు దగ్గర ఆ ప్రశ్నకు థీసిస్‌లో ఒక అధ్యాయం నిండా జవాబు ఉంది. ఈ బల్ల ముందు అది పనికొచ్చేది కాదు.

"నాకు ఆ సమాధుల మీద రోడ్డు వేయించాలని సరదా ఏం లేదండీ" అన్నాడు విశ్వనాథం. "గోడౌను వెనక బీడు ఉంది, అటు తిప్పమని రాయగలను. కాని రాయడానికి నాకో మనిషి కావాలి. ఇది నాది అనే మనిషి. రేపు పొద్దున్నే స్థలం చూడటానికి వస్తున్నాను. ఆ తరవాత ఫైలు నా చేతిలో ఉండదు. మీకు అక్కడ ఎవరైనా ఉన్నారా?"

"మా నాన్న."

"మరి మీరే చెప్పొచ్చుగా?"

గుమస్తా కలం ఎత్తి అతని వైపు చూశాడు. సంజీవరావు ఆ కలాన్ని చూశాడు.

"నేను... మా పెద్దాయనతో మళ్ళీ చెప్పిస్తానండీ" అని బయటపడ్డాడు.

*

ఇంట్లో పండుగలా ఉంది. పాపమ్మ తమ్ముడికి కోడికూర వండించింది. అబ్బయ్య పళ్ళెం ముందు కూర్చుని ఆఫీసులో జరిగిందంతా అక్కకు, ఆమె కోడలు రూతుకు, గడపలో నిలబడ్డ ఇరుగుపొరుగుకు మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు.

"మామా, రేపు పొద్దుగాల ఆ సారు తోటకొస్తడు" అన్నాడు సంజీవరావు చెప్పులు విప్పకుండానే. "ఆ నేల మాదే అని జెప్పాలె నువ్వు."

"నిన్న మొన్న గాదు, ఇయ్యాల్నే గదా ప్రభువుది అన్న! తెల్లారేసరికి నాదెట్లయితది?"

"అయితది. లేకుంటే రోడ్డు వడ్తది. నువ్వన్న మాటకే వడ్తది. మాది గాదు అంటే సర్కారోళ్ళు సంబురంగ రాసుకున్నరు. పోగొట్టినవ్ మామా. నీ నోటితోని నువ్వే పోగొట్టినవ్!"

పాపమ్మ చేతిలో గరిట ఆగింది. గడపలోవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

అబ్బయ్య ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. కోపం లేదు, అయోమయం. "నువ్వే గదా జెప్పినవ్ గుళ్ళె. గా ఇంగ్లండోళ్ళు జడ్జి ముందట గట్లనే అన్నరని. నువ్వు జెప్పిన మాటలే జెప్పిన. ఒక్కటి ఎక్కువ గాదు, ఒక్కటి తక్కువ గాదు. వాళ్ళు గెలిచిన్రు గదా?"

సంజీవరావు వంగి చెప్పులు విప్పసాగాడు.

"గెలిచిన్రు గదా అల్లుడా?"

"ఉరి తీసిన్రు."

బయట ఎవరిదో మేక అరిచింది. పాపమ్మ "ఓ దేవా" అంది మెల్లగా.

"మరి గది జెప్పలేదేంది?" అన్నాడు అబ్బయ్య.

ఎందుకు చెప్పలేదు? చప్పట్లు అక్కడ పడ్డాయి కాబట్టి. తన కథకు మూడేళ్ళలో మొదటిసారి ఎవరో చప్పట్లు కొట్టారు కాబట్టి. ఇది బయటికి అనలేక సంజీవరావు అరిచాడు. "నేను నేర్పిన మాటలేంది, నువ్వన్న మాటలేంది? సూసుకుంటున్నం అను, అంతే అన్న గదా!"

"నేర్పినవ్. మరి గంత ఎరుక ఉన్నోనివి నువ్వు లోపలికెందుకు రాలే?" అబ్బయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. "నేను గడ్డపార వట్టెటోన్ని. ప్రభువుది అన్న నోటితోని నాది అననీకి నాకు రాదు బిడ్డా. రేపు ఆయనొచ్చి ఏమిరా అబ్బయ్యా అంటే నా దగ్గర ఇంకో నోరు లేదు." తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సగం తిన్న పళ్ళెం అలాగే ఉంది.

రూతు ఆ పళ్ళెం తీస్తూ మొగుడి మొఖం చూడకుండా అడిగింది. "నువ్వు జెప్తే ఏమైతది?"

"ఉద్యోగం పోవచ్చు."

"పోతదా, పోవచ్చునా?"

"నాకెట్లెరుక!"

"సరే, అరవకు" అంది రూతు. పళ్ళెంతో లోపలికి వెళ్ళిపోయింది. ఇంకేదన్నా అని ఉంటే అతనికి తిరిగి అరవడానికి వీలుండేది.

*

పొద్దున్నే జీపు వచ్చేసరికి పేట సగం తోటలో ఉంది. కబురు అందరికీ పాకింది. పాడేవాళ్ళెవరూ లేరు. ఫ్యాక్టరీ మనుషులు ఇద్దరు గొలుసు పట్టుకుని కొలుస్తున్నారు. ఒకడు యోహాను తాత కొత్త మట్టిమీద కాలు వేయబోతే అబ్బయ్య పార అడ్డం పెట్టాడు. "ఇటు పక్కకెల్లి పో నాయనా. ఇంకా పచ్చి."

విశ్వనాథం గీత పొడుగునా నడిచాడు. ఒక్కొక్క శిలువ దగ్గరా ఆగి పేరు చదివాడు, పేరు లేనిచోట కూడా ఆగాడు. చివరికి తుమ్మచెట్టు కిందికి వచ్చి, గుమస్తా చేతిలో ఫైలు అట్ట చూసి, గట్టిగా అడిగాడు. "ఈ స్థలం మాది అనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అందరూ అబ్బయ్య వైపు చూశారు. అబ్బయ్య పారమీద గడ్డం ఆనించుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు. పీటర్ అయ్యగారు బైబిలును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

సంజీవరావు గుంపులో చివరి వరసలో ఉన్నాడు. ఎవరో ఒకరు అంటారని చూశాడు. ఎంత చదువుకున్నా, ఎన్ని రాజ్యాలు వచ్చాయో పోయాయో ఎంత ఎరిగినా, ఆ క్షణంలో అతనికి తోచింది అదొక్కటే. ఎవరో ఒకరు. గుమస్తా అట్ట మూసి కట్టడానికి తాడు వెతుక్కుంటున్నాడు.

"నాది."

తన గొంతేనని గుర్తుపట్టేలోపే కాళ్ళు రెండు వరసలు దాటేశాయి. వెళ్ళి తండ్రి సమాధి దగ్గర, గీతమీదే నిలబడ్డాడు. చెప్పుల కింద సున్నం చెదిరింది.

"గట్లంటవేంది అల్లుడా!" అబ్బయ్య పార వదిలేసి వచ్చాడు. "ప్రభువుది గాదా?"

"ప్రభువుదే మామా. ఆయన వచ్చిన్నాడు నేనే అప్పజెప్త. గప్పటిదాక నాది. నిన్ను అబద్ధమాడమనలే. నువ్వు నీ మాటమీదనే ఉండు. ముందుగాల నా పేరు రాసుకోనియ్యి."

అబ్బయ్య సమాధిని, చెదిరిన సున్నాన్ని మార్చి మార్చి చూశాడు. అది తప్పో ఒప్పో తేల్చుకోలేకపోతున్నాడని మొఖమే చెబుతోంది.

విశ్వనాథం దగ్గరకొచ్చాడు. "మాస్టారూ, వచ్చేదాకా ఎవరో ఒకరు ఉండాలన్నది ఆ పండితుడి మాట."

"అవునండీ" అన్నాడు సంజీవరావు విసుగ్గా. "మూడేళ్ళ నుంచి ఆయన్ని తిడుతూ రాస్తున్నాను. కాని ఆ ఎవరో ఒకరు సర్కారే ఎందుకు కావాలి? ఇది మా నాన్న. అది రాహేలక్క పెనిమిటి. మేం ఉన్నాం కదా ఇక్కడ."

విశ్వనాథం గుమస్తాకేసి తల ఊపాడు.

"పేరు?"

"సంజీవరావు."

"ఉద్యోగం?"

కలం ఆగి ఉంది. రూతు గుంపులోంచి ముందుకు వచ్చి, పాపమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. అది కూడా రాయాలా అని అడగాలనిపించింది అతనికి. అడిగితే, అక్కర్లేదంటాడేమో కూడా.

"లెక్చరర్. గవర్నమెంటు కాలేజీ. ఇంకా పర్మనెంటు కాలేదు, అది కూడా రాయండి."

గుమస్తా రాశాడు. సంజీవరావు సంతకం పెట్టబోతే ఆనించే చోటు లేక అట్ట ఊగింది. అబ్బయ్య అది చూశాడు. దగ్గరికొచ్చి, అట్ట కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇంకెవరైనా?" అన్నాడు విశ్వనాథం.

గొలుసు పట్టుకున్న ఫ్యాక్టరీ మనుషులు కొలత ఆపి ఇటే చూస్తున్నారు, ఎవరెవరున్నారో గుర్తుపెట్టుకుంటున్నట్టు. రాహేలు వాళ్ళను చూసింది. కొంగు బొడ్లో దోపుకుని, గుంపును మోచేత్తో తోసుకుంటూ వచ్చింది.

"రాహేలు. రాసుకో సారూ. పనేందంటవా?" గడ్డంతో గోడ అవతలికి చూపించింది. "గండ్లనే. సబ్బులకు కాయితం సుడ్త."

గుమస్తా కలాన్ని సిరాలో ముంచాడు.